మైసమ్మ రాయికి ప్రాణం ఉందా?

ప్రశ్న: నేను కరీంనగర్ జిల్లాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో సైన్స్ టీచర్‌ని. దేవుడు ఎక్కడో పైన కూర్చుని మన మీద ఓ కన్నేసి ఉంచేవాడు కాదని, ఈ ఉన్నదంతా, చెట్టూ పుట్టా రాయీ నీళ్లూ అన్నీ దైవమేనని కొన్నేళ్లుగా నాకు గట్టిగా అనిపిస్తోంది. దీన్ని పాంథీయిజం అంటారని ఈమధ్యే తెలిసింది. అంతా దైవమే అయినప్పుడు అంతటికీ ప్రాణం ఉన్నట్టే కదా అనుకున్నాను. రోడ్డు వెడల్పు చేస్తూ మా వాకిట్లో వేపచెట్టు కొట్టేసినప్పుడు చాలా ఏడ్చాను. తర్వాత కొన్నాళ్లకు మావారు మా అమ్మమ్మ నాటి సన్నికల్లు ఎవరికో ఇచ్చేస్తే దానికీ అంతే ఏడ్చాను. "అయితే కుక్కర్‌కి కూడా ప్రాణం ఉన్నట్టేనా, విజిల్ వేస్తుంది కదా" అని ఆయన నవ్వుతారు. "గుడికి పోవుడు తగ్గించి ఈ వేదాంతం ఏంది" అని మా అత్తమ్మ కోపం.

అసలు టెన్షన్ బడిలో మొదలైంది. ఆరో తరగతికి సజీవులు, నిర్జీవులు పాఠం చెబుతుంటే ఒక పిల్లాడు లేచి, "టీచర్, మరి చెరువు కట్ట మీది మైసమ్మ రాయికి పాణం ఉన్నదా?" అని అడిగాడు. రాయి నిర్జీవి అని అప్పుడే బోర్డు మీద రాశాను. "లేదు" అన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. మర్నాడు వాళ్ల నాయనమ్మ బడికొచ్చి, "మా తల్లికి పాణం లేదంటివట, నిజమేనా బిడ్డా?" అని నిలదీసింది. నేను నమ్మేదొకటి, చెప్పేదొకటి అయిపోయింది. అన్నిటికీ ప్రాణం ఉందనుకోవచ్చా? పిల్లలకు ఏం చెప్పాలి? ఈ విషయం చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (పేరు వేయవద్దు.)

సమాధానం:

టీచర్ గారూ,

మీ ఉత్తరంలో రెండు నమ్మకాలు ముడిపడి ఉన్నాయి. అంతా దైవమే అన్నది ఒకటి. కాబట్టి అంతటికీ ప్రాణం ఉంది అన్నది రెండోది. ఆ 'కాబట్టి' దగ్గరే నాకు పేచీ. మొదటిది నమ్మినవాళ్లు రెండోది కూడా నమ్మి తీరాలని ఎక్కడా లేదు. మొదటిదాన్ని గుండెల్లో పెట్టుకుని రెండోదాన్ని ఒప్పుకోనివాళ్లు మన దగ్గరే బోలెడంతమంది.

రామానుజులనే తీసుకోండి. ఆయన చెప్పిన విశిష్టాద్వైతంలో చిత్తు, అచిత్తు, ఈశ్వరుడు అని మూడు తత్త్వాలు. చిత్తు తెలివి ఉన్న జీవుడు. అచిత్తు తెలివి లేని పదార్థం. ఈ రెండూ కలిసి ఈశ్వరుడికి శరీరం. ఆ లెక్కన మీ ఊరి చెరువు కట్ట మీది రాయి కూడా భగవంతుడి ఒంట్లో భాగమే, అయినా అది అచిత్తే. రాయి దైవంలో భాగమని చెప్పడానికి దానికి ఊపిరి తగిలించాల్సిన పని ఆయనకు పడలేదు. (పండితులు దీన్ని అచ్చమైన పాంథీయిజం అనరు. ఇక్కడ ఈశ్వరుడు జగత్తుతో సరిపోడు, దాన్ని మించి కూడా ఉంటాడు. మీ ప్రశ్నకు ఆ తేడా అడ్డం రాదు.)

'ఇందు గలడందు లేడని సందేహము వలదు' పద్యం మీకు నోటికి వచ్చే ఉంటుంది. పోతన ప్రహ్లాదుడు చెప్పింది చక్రి ఎక్కడెక్కడ ఉన్నాడన్నది. స్తంభానికి ప్రాణం ఉందని ఆ పిల్లాడు ఎక్కడా అనలేదు. తర్వాత స్తంభం పగిలి నరసింహస్వామి బయటికి వచ్చినప్పుడు అయ్యో స్తంభం చచ్చిపోయిందే అని ఎవరూ కన్నీళ్లు పెట్టుకోలేదు కూడా.

అంతదాకా ఎందుకు, మీ ఇంట్లో వ్రతం చేసుకున్న రోజు గుర్తు తెచ్చుకోండి. పసుపు ముద్దను తమలపాకు మీద పెట్టి గణపతిని ఆవాహన చేస్తాం. పూజ అయ్యాక ఉద్వాసన చెప్పి కాస్త కదుపుతాం. ఆ తర్వాత అది మళ్లీ పసుపే. గుళ్లో విగ్రహానికి ప్రాణప్రతిష్ఠ అని ఒక తంతు పెట్టుకున్నామంటే, అది జరిగే దాకా ఆ రాయిని మనం మరోలా చూస్తున్నామనే కదా. రాళ్లన్నిటికీ ముందునుంచే ప్రాణం ఉంటే ఆ తంతుకు అర్థం ఉండదు. మన ఆచారం ఈ విషయంలో మీరు అనుకుంటున్న దానికన్నా చాలా జాగ్రత్తగా ఉంది.

మరి రాయీ నీరూ కూడా జీవులే అన్నవాళ్లు లేరా? ఉన్నారు. జైనులు. మట్టిలో, నీటిలో, నిప్పులో, గాలిలో, చెట్టూచేమల్లో ఉండే జీవులకు స్పర్శ ఒక్కటే ఇంద్రియం, వాటిని ఏకేంద్రియాలు అంటారు. వాళ్లను వెతుక్కుంటూ మీరు గుజరాత్ వెళ్లక్కర్లేదు. మీ జిల్లాలోనే గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో అక్కడ జైన బొమ్మలు చెక్కించి, తెలుగులో కందపద్యాలు కూడా రాయించాడు. పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లండి, పాఠానికి పాఠం, పద్యానికి పద్యం.

జైనుల నుంచి తెలుసుకోవాల్సింది ఏమిటంటే, మట్టికి ప్రాణం ఉందని నిజంగా నమ్మడం ఖరీదైన వ్యవహారం. వాళ్ల సాధువులు మట్టి తవ్వరు. కాచిన నీళ్లే తాగుతారు. నిప్పు రాజేయరు. నమ్మకం వాళ్ల రోజువారీ బతుకును ఎక్కడికక్కడ కట్టేస్తుంది. అంత చేసినవాళ్లు కూడా 'అన్నీ' అనలేదు. జీవం పక్కనే అజీవం అని ఒక పద్దు పెట్టుకున్నారు, పుద్గలం, అంటే పదార్థం, అందులోకే వస్తుంది. మీరు మాత్రం అన్నిటికీ ప్రాణం ఉందంటూనే మామూలుగా వంట చేసుకుంటున్నారు, చాక్‌పీస్ విరిచి బోర్డు మీద రాస్తున్నారు. ఇది దెప్పడం కాదు. మీ మనసు లోపల ఎక్కడో ఒక తేడా పాటిస్తూనే ఉందని చెప్పడం.

మీరు పేరు తెలుసుకున్న ఆ వాదానికి పెద్దదిక్కు స్పినోజా. 1632లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, పోర్చుగల్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టాడు. 1656లో, ఇరవై మూడేళ్ల వయసులో, యూదు సమాజం అతన్ని వెలివేసింది. ఆ తర్వాత కళ్లద్దాలకు, సూక్ష్మదర్శినులకు వాడే గాజు కటకాలు అరగదీసుకుంటూ బతికాడు. 1673లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఉద్యోగం ఇస్తానంటే వద్దన్నాడు. 1677లో పోయాడు. ఆయన ముఖ్య గ్రంథం 'ఎథిక్స్'ను స్నేహితులు ఆయన పోయాక అదే ఏడాది అచ్చువేశారు. దేవుడన్నా ప్రకృతి అన్నా ఒకటే, ఉన్నది ఒకే పదార్థం, మనమూ రాళ్లూ నక్షత్రాలూ దాని రూపాలం అన్నది అతని వాదం. ఆ దేవుడు మొక్కులు వినడు, శిక్షలు వేయడు. దేవుణ్ణి నమ్ముతారా అని 1929లో న్యూయార్క్ రబ్బీ (యూదు మతగురువు) ఒకాయన టెలిగ్రాం ఇస్తే, స్పినోజా దేవుణ్ణి నమ్ముతానని ఐన్‌స్టీన్ బదులిచ్చింది ఈ అర్థంలోనే.

ఇప్పుడు మీకు కావాల్సిన చోటికి వద్దాం. అన్ని వస్తువులూ ప్రాణం ఉన్నవే, కాకపోతే ఎక్కువ తక్కువల్లో అని 'ఎథిక్స్' రెండో భాగంలో స్పినోజా నిజంగానే రాశాడు. ఇది చదివి ఎగిరి గంతేసినవాళ్లు చాలామంది. కానీ ఆయన చెప్పిన దాంట్లో బరువంతా ఆ ఎక్కువ తక్కువల మీదే ఉంది. ఒక శరీరం ఎన్ని రకాలుగా పని చేయగలదో, ఎన్ని రకాలుగా ప్రభావితం కాగలదో, దాని మనసు అంత. రాయికి ఆ లెక్కన దక్కేది దాదాపు ఏమీ లేదు, తనను తాను రాయిగా నిలుపుకోవడం తప్ప. 1674లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో స్పినోజా తమాషాగా ఒక మాట అంటాడు: విసిరిన రాయికి ఎగురుతుండగా ఆలోచన వస్తే గనక, నా ఇష్టంతోనే ఎగురుతున్నాను అనుకుంటుంది. 'వస్తే గనక' అన్నాడు చూడండి. ఆ ఉత్తరంలో వెక్కిరింపు రాయి మీద కాదు, అంతా మన ఇష్టప్రకారమే చేస్తున్నామనుకునే మన మీద.

ఈ కాలంలో కూడా చైతన్యం అనేది పదార్థం అడుగు దాకా ఉంటుందని వాదించే తత్త్వవేత్తలు ఉన్నారు. ఆ వాదాన్ని పాన్‌సైకిజం అంటారు. తీసిపారేయాల్సిన మాట కాదు. నిర్జీవమైన అణువులు కలిస్తే నొప్పి అనే అనుభవం ఎక్కడి నుంచి ఊడిపడింది అన్న ప్రశ్నకు ఇప్పటికీ ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదు. అయితే వాళ్లకు తిరగబడే ప్రశ్న ఇంకొకటి ఉంది, 1890లోనే అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్ వేశాడు. చిన్న చిన్న అనుభవాలు కోటానుకోట్లు పక్కపక్కన ఉన్నంత మాత్రాన అవన్నీ కలిసి ఒకే 'నేను' ఎలా అవుతాయి? అందుకే వాళ్లలో చాలామంది కణాలకు ఏదో అణుమాత్రం అనుభూతి ఉందంటారే గానీ, కుర్చీకీ బల్లకీ మనసుందని అనరు. మీవారి కుక్కర్‌కు కూడా ఇదే సమాధానం. ఆయన నవ్వితే మీరూ నవ్వండి. వెక్కిరింపులా ఉన్నా ఆయన అడిగింది సరైన ప్రశ్నే.

ఇక సైన్స్ టీచర్‌గా మీకు స్పినోజా కన్నా జగదీశ్ చంద్ర బోస్ ఎక్కువ ఉపయోగపడతాడు. 1901 మే 10న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన ఒక ప్రదర్శన ఇచ్చాడు. జంతు కండరాన్ని గిల్లితే కలిగే విద్యుత్ స్పందనను గీత గీయించాడు. మొక్కదీ అలాగే గీయించాడు. ఆ తర్వాత తగరం, ప్లాటినం లాంటి లోహాలది. మూడు గీతలూ ఒకేలా కనిపించాయి. లోహాన్ని మళ్లీ మళ్లీ కదిలిస్తే స్పందన తగ్గింది, అలసిపోయినట్టు. కాసేపు వదిలేస్తే తేరుకుంది. కొన్ని రసాయనాలు తగిలిస్తే పూర్తిగా ఆగిపోయింది, విషం ఎక్కినట్టు. మరుసటి ఏడాది సజీవ, నిర్జీవ పదార్థాల స్పందన మీద పుస్తకమే తెచ్చాడు. భౌతికశాస్త్రం ఎక్కడ ఆగి జీవశాస్త్రం ఎక్కడ మొదలవుతుందో గీత గీయలేమన్నది ఆయన ఉద్దేశం. వెనుక ఉపనిషత్తుల ప్రభావం ఉంది, దాన్ని ఆయన దాచుకోలేదు.

ఏమైంది చివరికి? మొక్కల సంగతిలో ఆయన చెప్పింది చాలావరకు నిలబడింది. మొక్కల్లో విద్యుత్ సంకేతాలు పరుగెడతాయని ఇవాళ ఎవరూ కాదనరు. లోహాల సంగతి వేరు. గీతలు అబద్ధం కాదు, లోహం స్పందించింది. కానీ స్పందించినంత మాత్రాన ప్రాణం ఉన్నట్టు కాదని తేలింది. లోహం తిండి తినదు, గాయం మాన్పుకోదు, పిల్లల్ని కనదు. ప్రాణం ఉన్నచోట ఎన్నో పనులు ఒకదాన్నొకటి నిలబెడుతూ కలిసి జరుగుతుంటాయి, అందులో ఒక్క పని ఎక్కడో కనబడగానే తక్కినవన్నీ ఉన్నాయనుకోకూడదు. నాకు బోస్ మీద గౌరవం ఏమాత్రం తగ్గలేదు. అన్నీ ఒకటే అన్న నమ్మకంతో మొదలుపెట్టినా, ఆ నమ్మకాన్ని పరికరం ముందుకు తెచ్చి నిలబెట్టాడు కదా.

ఇప్పుడు నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యం అనిపించిన విషయం. వేపచెట్టుకు ఏడ్చారు, సన్నికల్లుకు ఏడ్చారు. రెండూ ఒకటే బాధ అనుకుంటున్నారు. కాదు. వేపచెట్టును కొట్టినప్పుడు ఆ చెట్టుకు ఏదో జరిగింది. నీళ్లు పీల్చుకుంటూ, చిగురేస్తూ, తగిలిన దెబ్బలు పూడ్చుకుంటూ ఉన్న ఒక బతుకు ఆగిపోయింది. మీరు ఊళ్లో లేకపోయినా అది జరిగినట్టే. సన్నికల్లు ఇచ్చేసినప్పుడు రాయికి ఏమీ కాలేదు. వేరే ఇంట్లో బహుశా హాయిగా పచ్చడి నూరుతూ ఉంటుంది. పోయింది మీది: అమ్మమ్మ చెయ్యి తగిలి అరిగిన నునుపు, ఆ చప్పుడు, మిమ్మల్ని అడగకుండా ఇచ్చేశారన్న అవమానం. ఈ చివరిది చిన్న విషయం కాదు. రాయికి ప్రాణం ఉందా లేదా అని మీవారితో వాదిస్తూ కూర్చుంటే అసలు అడగాల్సింది అడగకుండానే పోతుంది. "అది మా అమ్మమ్మది, నన్ను అడగకుండా ఎలా ఇచ్చారు?" అని సూటిగా అడగండి. వీలైతే వెనక్కి తెప్పించుకోండి. ఒక వస్తువును ప్రేమించడానికి దానికి ప్రాణం ఉందన్న సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకో కారణంతో కూడా అన్నిటికీ సమానంగా ప్రాణం ఉందన్న మాటను నేను ఒప్పుకోలేను. అన్నీ సమానమే అయితే రాయి కొట్టడానికీ పసిపిల్లను కొట్టడానికీ తేడా చెప్పలేం. జైనులు ఇంద్రియాల లెక్క పెట్టింది అందుకే, స్పినోజా ఎక్కువ తక్కువలు చెప్పిందీ ఇంచుమించు అందుకే. బాధపడగలిగే దానికి మన మీద ఎక్కువ హక్కు ఉండాలి. అంతా బ్రహ్మమే అని మెత్తగా మాట్లాడుతూ మనుషుల దగ్గరికి వచ్చేసరికి లెక్కలు మార్చేసేవాళ్లను మన ఊళ్లలో తక్కువేం చూడలేదు. టీ కొట్టు దగ్గర రెండు గ్లాసులు విడివిడిగా పెట్టిన ఊళ్లలో కూడా భజనల్లో అన్నమయ్య 'బ్రహ్మమొకటే పరబ్రహ్మమొకటే' పాడుకున్నారు. అన్నమయ్య ఆ పాటలో రాళ్ల గురించి బెంగపడలేదు. రాజు నిద్రా బంటు నిద్రా ఒకటే అన్నాడు, బ్రాహ్మణుడు మెట్టే భూమీ చండాలుడు ఉండే భూమీ ఒకటే అన్నాడు, ఏనుగు మీదా కుక్క మీదా కాసే ఎండ ఒకటే అన్నాడు. మీ నమ్మకం ఏ పని చేయాలో నన్నడిగితే ఇలాంటి చోట చేయాలంటాను. మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లలు ఎవరి పక్కన ఎవరు కూర్చోవడం లేదో మీకే బాగా తెలుస్తుంది.

అత్తమ్మగారితో వాదం పెట్టుకోకండి. అంతటా ఉన్న దైవం గుళ్లో మాత్రం ఉండడా? ఆవిడకు బహుశా మీ సిద్ధాంతంతో గొడవ లేదు, శనివారం గుడికి తోడు లేకుండా పోయిందన్నదే బాధ అయ్యుండొచ్చు. వెళ్లిరండి.

ఆ నాయనమ్మ సంగతి. ఆమెతో "మీ తల్లి శక్తి గురించి మాట్లాడలేదమ్మా, రాయి తింటదా పెరుగుతదా అన్న పాఠం చెప్పిన" అని చెప్తే చాలు, ఆమెకు అర్థమవుతుంది. బోనం ఎత్తేది ఎవరికో ఆమెకు మనకన్నా బాగా తెలుసు. అలిగిన మనిషిని ఒకసారి ఇంటికెళ్లి పలకరించండి, బడికి పిలిపించవద్దు. కావాలంటే ఈ మాట కూడా చెప్పొచ్చు: మన దేశంలో కోర్టులు గుడిలోని దేవుణ్ణి ఆస్తి కలిగి ఉండగల వ్యక్తిగా చూస్తాయి, మాన్యం భూములు దేవుడి పేరు మీదే ఉంటాయి. విగ్రహం ఊపిరి పీలుస్తోందా అని ఏ జడ్జీ అడగడు. 2017లో న్యూజిలాండ్ పార్లమెంటు వాంగనూయి నదికి కూడా చట్టప్రకారం వ్యక్తి హోదా ఇచ్చింది. ఆ నది తమ పూర్వీకురాలని చెప్పే అక్కడి ఆదివాసులు మావోరీలు అందుకోసం నూరేళ్లకు పైగా పోరాడారు. రాయికీ నదికీ మర్యాద ఇచ్చే దారులు జీవశాస్త్రం బయట చాలానే ఉన్నాయి.

పిల్లలకు మాత్రం మీరు చెప్పింది మార్చకండి. పాఠంలో రాయి నిర్జీవే. కానీ "లేదు" అని ఆపేయడం ఎందుకు? ఆ పిల్లాడి ప్రశ్నతో రెండు పీరియడ్లు నడుపుకోవచ్చు. బోర్డు మీద లక్షణాలన్నీ రాయండి: కదలిక, ఆహారం, శ్వాస, పెరుగుదల, విసర్జన, ప్రతిస్పందన, ప్రత్యుత్పత్తి. ఒక పెసర గింజ చేతికిచ్చి ఇది సజీవమా నిర్జీవమా అని అడగండి. పైకి ఒక్క లక్షణం కూడా కనబడదు. తర్వాత కొన్ని పచ్చి పెసలు, కొన్ని వేయించిన పెసలు విడివిడిగా తడిగుడ్డలో కట్టి, ఆ కాపలా వాడికే అప్పగించండి. ఏవి మొలకెత్తాయో వాడే వచ్చి చెబుతాడు. ఇజ్రాయెల్‌లో మసాదా కోట తవ్వకాల్లో దొరికిన సుమారు రెండు వేల ఏళ్ల నాటి ఖర్జూరం గింజను 2005లో నాటితే మొలిచిందని చెప్పండి, నోళ్లు తెరుస్తారు. బడి ఆవరణలో అత్తిపత్తి ఉంటే బోస్ కథ అక్కడే నిలబడి చెప్పొచ్చు. పెద్ద తరగతి అయితే వైరస్ కూడా. పొగాకుకు మొజాయిక్ తెగులు తెచ్చే వైరస్‌ను 1935లో వెండెల్ స్టాన్లీ ఉప్పులా స్ఫటికాలుగా మార్చి సీసాలో పెట్టాడు. మళ్లీ ఆకుకు పూస్తే మళ్లీ తెగులు సోకింది. సీసాలో ఉన్నప్పుడు అది బతికుందా లేదా అన్నదానికి శాస్త్రవేత్తలు ఈనాటికీ ఒక్కమాట మీదకు రాలేదు. పాఠంలో గీసిన గీత నిజమే, కానీ అంచుల దగ్గర అది కొంచెం చెరిగి ఉంటుందని పిల్లలకు తెలిస్తే మంచిదే.

చదవడానికి 'ఎథిక్స్'తో మాత్రం మొదలుపెట్టకండి. నిర్వచనాలు, స్వయంసిద్ధాలు, ప్రతిపాదనలు అంటూ జామెట్రీ పుస్తకం పద్ధతిలో ఉంటుంది, పది పేజీలకే విసుగొస్తుంది. స్పినోజా ఉత్తరాలు ముందు చదవండి, వాటిలో మనిషి కనిపిస్తాడు. మన వైపు నుంచి ఛాందోగ్య ఉపనిషత్తు ఆరో అధ్యాయం ఏదైనా మంచి తెలుగు తాత్పర్యంతో దొరుకుతుంది. అందులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతు చేత మర్రిపండు కోయించి, గింజ చీల్చమని, లోపల ఏం కనబడుతోందని అడుగుతాడు. ఏమీ కనబడటం లేదంటాడు కొడుకు. తర్వాత నీళ్లలో ఉప్పు వేయించి పైనుంచీ మధ్యనుంచీ అడుగునుంచీ రుచి చూడమంటాడు. ఆయనా మీలాగే ప్రయోగం చేయించి పాఠం చెప్పే రకం, మీకు త్వరగా నచ్చుతాడు.